రాత్రికి మూడు వాక్యాలు: ఎట్టా రాయాలి, రాసింది ఎవరికి చెప్పాలి

"మంచి డైరీ కొన్నాం. రెండు రోజులు రాశాం. మూడో రోజుకి ఏం రాయాలో తోచలేదు. అసలు ఎట్టా రాయాలో సరిగ్గా చెప్పండి." నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి, ఎక్కడివాళ్లు అడిగినా ప్రశ్న ఇదే. రోజూ జరిగిన మంచిని గుర్తు చేసుకుంటే మనసు తేలికపడుతుందని అందరూ విన్నారు. చెయ్యబోయే దగ్గరే ఆగిపోతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

పద్ధతిలోకి దిగేముందు ఒక సంగతి. మంచి జరిగిందని రాసుకుంటే సగం పనే అయినట్టు. అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో వాళ్ల దాకా మాట చేరినప్పుడే మిగతా సగం. మన వైపువాళ్లకి ఇది కొత్తేం కాదు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ తెలుసు కదా. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. అది తీరినవాళ్లు మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరి చేతిలో రొట్టె పెడతారు. కోరిక తీరింది కదా అని ఇంట్లో కూర్చుంటే లెక్క తీరదు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఏమేం కావాలి

- చిన్న నోటుబుక్కు ఒకటి. పిలకాయలు స్కూలుకి తీసుకుపోయేదైనా చాలు. అట్ట మీద బంగారు అక్షరాలున్న ఖరీదైన డైరీ వద్దు. అది చూస్తే అందమైన వాక్యాలు రాయాలనిపిస్తుంది, దాంతో అసలు రాయబుద్ధి కాదు.
- దారం కట్టి పుస్తకానికి వేలాడదీసిన పెన్ను. పెన్ను వెతుక్కునే రెండు నిమిషాల్లో ఎన్ని మంచి ఉద్దేశాలు గాలికి పోయాయో చెప్పలేం.
- రోజూ రాత్రి మీరు తప్పకుండా చేసే ఇంటిపని ఒకటి. ఎందుకో మొదటి మెట్టులో చెబుతాను.
- ఐదు నిమిషాలు.

రాయడం రానివాళ్లు, కళ్లు సరిగ్గా కనపడని పెద్దవాళ్లు ఫోనులో మాట రికార్డు చేసుకోవచ్చు. లేదా అవ్వ చెబుతుంటే మనవరాలు రాయొచ్చు. మామూలుగా రాయగలిగినవాళ్లకి మాత్రం ఫోను వద్దంటాను. మూడు వాక్యాలు రాద్దామని తీసి, ఇంకెవరి పెళ్లి ఫొటోల్లోనో తేలతాం.

1. గంట చూసి కాదు, పని చూసి కట్టండి

"రాత్రి తొమ్మిదింటికి రాస్తా" అనుకోకండి. తొమ్మిదింటికి కరెంటు పోతుంది, చుట్టాలొస్తారు, క్రికెట్ ఆఖరి ఓవర్లు నడుస్తుంటాయి. దాని బదులు ఎప్పుడూ తప్పని పనికి ముడివెయ్యండి. పాలు తోడు వెయ్యడం, గేటుకి తాళం వెయ్యడం, దోమతెర కట్టడం, బీపీ మాత్ర వేసుకోవడం, ఏదైనా సరే. "పాలు తోడేశాక పుస్తకం తీస్తా" అని గట్టిగా ఒకసారి పైకి అనండి. పుస్తకం కూడా ఆ పని జరిగేచోటే ఉండాలి. తోడు గిన్నె వంటింట్లో ఉండి పుస్తకం పడగ్గదిలో ఉంటే కుదరదు.

నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఇంటికొచ్చి బూట్లు విప్పగానే రాయండి. రొయ్యల చెరువుల మీద రాత్రంతా మేలుకునేవాళ్లు రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్‌ట్రే చూసొచ్చి షెడ్డులో కూర్చున్నప్పుడు రాయండి. రాత్రే రాయాలన్న పట్టుదల లేదు. ఏ పనికి ముడివేశారో అది మారకుండా ఉంటే చాలు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాటని పట్టించుకోకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి చేసిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా కుదరడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్కవేశారు. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి తప్పిన రోజుది మర్నాడు కలిపి రాయకండి. ఆ పేజీ వదిలేసి ముందుకు పోండి.

2. ఒకే సంగతి, మూడు వాక్యాలు

చాలామంది మూడు సంగతులు రాయమంటారు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగంలోనూ వారం పాటు రోజుకి మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయమన్నారు. ఆరు నెలల తర్వాత చూసినా ఫలితం నిలిచే ఉంది. చెప్పిన వారం రోజులు అయిపోయాక కూడా తమంతట తాము రాస్తూ వచ్చినవాళ్లలో మరీ బాగా కనిపించింది. నా లెక్కలో ఇందులో అసలు పని చేసేది "ఎందుకు" అన్న ముక్కే. మూడు సంగతుల కోసం వెతికితే మనవాళ్లు ఆ ముక్కనే ఎగ్గొడతారు. అందుకే ఒక్క సంగతే తీసుకోండి, దాన్ని మూడు వాక్యాల్లో తేల్చండి.

మొదటి వాక్యం: ఏం జరిగింది.
రెండో వాక్యం: ఎవరి వల్ల జరిగింది.
మూడో వాక్యం: దానికోసం వాళ్లకి ఏం ఖర్చయింది. డబ్బే కానక్కర్లేదు. టైము, ఓపిక, నిద్ర, పడ్డ మాట, వదులుకున్న ఇష్టం.

ఇట్టా రాస్తే పనికిరాదు:

"ఈరోజు ఆరోగ్యంగా ఉన్నాను. కుటుంబం బాగుంది. దేవుడికి కృతజ్ఞతలు."

ఇది ఏ రోజైనా రాయొచ్చు, ఎవరైనా రాయొచ్చు. ఇట్టా రాయండి:

"ఆత్మకూరు బస్టాండులో బస్సు కదిలిపోయింది, నేను పరిగెత్తడం చూసి ఆపారు. ఆపింది కండక్టరమ్మ. అప్పటికే బస్సు లేటు, డ్రైవరు విసుక్కుంటే ఆ మాట ఆమె పడింది."

"కొళాయికి నీళ్లొచ్చిన టైముకి నేను డ్యూటీలో ఉన్నా, అయినా మా డ్రమ్ము నిండి ఉంది. పక్కింటి వదిన పట్టిపెట్టింది. తన బిందెలు పక్కనపెట్టి ముందు మాది నింపిందని వాళ్ల అబ్బాయి చెప్పాడు."

"నిన్నటి చేపల పులుసులో మామిడికాయ ముక్కలు నాకు మిగిలాయి. అమ్మ తీసిపెట్టింది. ఆమెకీ అవే ఇష్టం."

ఆఖరి దాంట్లో మూడో వాక్యం చూడండి, మూడు మాటలే. బరువంతా అక్కడుంది. మీరు రాసేటప్పుడు ఎక్కువసేపు ఆలోచించాల్సింది కూడా ఈ మూడో వాక్యం దగ్గరే. మొదట్లో ఏమీ తోచదు. "ఆమెకేం ఖర్చయింది, ఊరికే చేసింది" అనిపిస్తుంది. వారం పది రోజులు పోయాక ఊరికే జరిగేది చాలా తక్కువని మీకే కనపడటం మొదలవుతుంది.

సరిగ్గా రాశారో లేదో అప్పటికప్పుడే చూసుకోవచ్చు. మీరు రాసింది పక్కింటివాళ్ల పుస్తకంలో పెట్టినా సరిపోతుందంటే కొట్టేసి మళ్లీ రాయండి.

దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు. రంగనాయకుల స్వామికి చెప్పుకున్నాక, ఆయన ఎవరిని పంపాడో ఆ మనిషి పేరు కూడా పుస్తకంలో పడాలి.

3. చెడ్డరోజు ఏం రాయాలి

బలవంతంగా మంచిని వెతక్కండి. ముందు చెడునే రాయండి, ఉన్నదున్నట్టు. ఆ తర్వాత ఒకే ప్రశ్న వేసుకోండి: తోడెవరొచ్చారు?

2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయి, రైలు పట్టాలు కూడా దెబ్బతిన్న వారం గుర్తుందా. ఇంట్లోకి నీళ్లొచ్చినవాళ్లకి ఆ రాత్రి "ఏం బాగుంది?" అని అడిగితే ఒళ్లు మండుతుంది. "ఎవరొచ్చారు?" అంటే చెప్పడానికి ఉంటుంది. డాబా మీదికి రమ్మన్నవాళ్లు, పులిహోర పొట్లాలు మోసుకొచ్చిన కుర్రాళ్లు, ఫోను చార్జింగు పెట్టిచ్చిన షాపాయన. ఎవరూ రాలేదా, "ఎవరూ రాలేదు" అని రాసి పుస్తకం మూసెయ్యండి. అదీ నిజమే కదా.

ఇక్కడే ఒక హెచ్చరిక. అన్యాయాన్ని మింగడానికి ఈ పుస్తకాన్ని వాడొద్దు. కొండపిలోనో టంగుటూరులోనో పొగాకు వేలానికి బేళ్లు తీసుకుపోయి, "నో బిడ్" (కొనేవాళ్లు లేరు) అని వెనక్కి తెచ్చుకున్న రైతుకి "ఉన్నదానికి సంతోషించు" అని చెప్పడం పద్ధతి కాదు. ఆ రాత్రి కోపమే రాసుకోవాలి, తెల్లారి అర్జీ రాసుకోవాలి. అత్తింట్లో చెయ్యెత్తుతున్నారు, తిట్టి పోస్తున్నారు, భర్త ఒకరోజు మంచిగా మాట్లాడాడని దాన్ని పుస్తకంలో రాసుకుని ఓర్చుకోకండి. 181 మహిళా హెల్ప్‌లైనుకి ఫోను చెయ్యండి.

4. పొద్దున ఒకే ఒక్క పని

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లేవగానే ఫోను ముట్టకుండా ఏదో ఒక పని చెయ్యండి. వాకిలి చిమ్మి ముగ్గెయ్యండి, మొక్కలకి నీళ్లు పొయ్యండి, లేదా నడవండి. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గరున్నవాళ్లకి నడవడానికి చోటుకి కొదవలేదు. మే నెలలో మాత్రం ఆరింటికల్లా ముగించుకోవాలి, ఆ తర్వాత మన ఎండలో నడక శిక్షే. దారిలో రోజూ కనపడే మనిషిని ఒకరిని పేరుపెట్టి పలకరించండి. పేరు తెలియకపోతే అడగండి. ఐదో మెట్టుకి ఈ పేర్లే పనికొస్తాయి.

నడక, ధ్యానం, నీళ్లు తాగడం, పుస్తకం చదవడం, అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టేవాళ్లున్నారు. శుక్రవారానికి ఒక్కటీ మిగలదు.

5. వారంలోపు చెప్పండి

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. ఎందుకంటే మనిళ్లలో ఇట్టాంటివి నోటితో చెప్పే అలవాటు లేదు. అమ్మకి "థాంక్స్" అంటే "ఏంది అబ్బయా, ఒంట్లో బాగానే ఉందా?" అంటుంది. నాన్నకైతే ఆ మాట నోటిదాకా కూడా రాదు. అందుకే మనిషిని బట్టి దారి మార్చుకోవాలి.

అమ్మానాన్నలకి, అవ్వాతాతలకి ఫలితం చెప్పండి. "నాన్నా, నువ్వు అన్నావని ఆ కాగితాలు జిరాక్సు తీసి పెట్టుకున్నా. ఇయ్యాల తాసిల్దారు ఆఫీసులో అవే అక్కరకొచ్చాయి." ఆయన "ఊఁ" అని పేపరు తిప్పుతారు. చేరినట్టే. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్లతో ఆయనే ఆ కథ చెబుతుంటే చూడండి.

భార్యకి, భర్తకి మూడో మనిషి వినేట్టు చెప్పండి. భోజనాల దగ్గర బావతోనో వదినతోనో "ఆ లోను పని అంతా ఈమే తిరిగి చేయించింది, నేను సంతకం పెట్టానంతే" అనండి. జోకుగా మార్చకండి. జోకు చేస్తే అందులోంచి దెప్పిపొడుపు వాసనొస్తుంది.

అన్నదమ్ములకి, స్నేహితులకి ఫోను చాలు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపి వదిలెయ్యకండి. రోజుకి ఎన్నో వస్తుంటాయి, అందులో మీదొకటిగా పోతుంది. పంపితే ఏం జరిగిందో రాసి పంపండి.

చెత్తబండితో వచ్చే ఆమె, సిలిండరు మూడో అంతస్తుకి మోసిన అబ్బాయి, అర్ధరాత్రి వానలో స్తంభం ఎక్కిన లైన్‌మ్యాను. వీళ్లని పేరుపెట్టి పిలవండి, ఎండాకాలమైతే గ్లాసుడు మజ్జిగ ఇవ్వండి. పాత బట్టలు, మిగిలిన కూరలు ఇచ్చి దాన్ని ఈ లెక్కలో రాసుకోకండి, ఆ లెక్క వేరు. ఇంట్లో పనిచేసే ఆమెకి జీతం ఒకటో తారీకు ఇవ్వకుండా పుస్తకంలో ఆమె గురించి మూడు వాక్యాలు రాసినా ఉపయోగం లేదు. ముందు జీతం.

ఎవరో తెలియని మనిషికి, చనిపోయినవాళ్లకి ఎట్టా చెప్పాలని అడుగుతారు. హైవే మీద పంక్చరైతే ఆగి సాయం చేసిన లారీ డ్రైవరుని ఎక్కడని వెతుకుతాం? అదే పని ఇంకొకరికి చెయ్యండి. చదువు రొట్టె చదువు కోసం వచ్చినవాళ్లకే ఇస్తారు కదా, అట్టాగే. ఫీజు కట్టిన మేనమామ ఇప్పుడు లేరు, సరే, చదువుకునే ఇంకో పిల్లకి పుస్తకాలు కొనివ్వండి.

మాట కూర్చుకోవడం రాదనుకునేవాళ్లు కంగారు పడక్కర్లేదు. పుస్తకంలో రాసిన మూడు వాక్యాలే పైకి చెబితే సరిపోతుంది. రెండు జాగ్రత్తలు. "కానీ" అన్న మాట కలపొద్దు ("మొన్న బాగా చేశావు కానీ..."). చెప్పిన వెంటనే ఏదీ అడగొద్దు. మెచ్చుకుని, ఆ వెంటనే అప్పు అడిగినవాళ్ల మెచ్చుకోలుని మళ్లీ ఎవరూ నమ్మరు.

చెప్పాక పుస్తకంలో ఆ పేజీ మీద టిక్కు పెట్టుకోండి.

6. నెలకొక ఉత్తరం

ఎప్పుడో మేలు చేసి, మనం ఎప్పుడూ సరిగ్గా చెప్పుకోని మనుషులు ప్రతి ఒక్కరికీ నలుగురైదుగురు ఉంటారు. లెక్కలు నేర్పిన పంతులుగారు, హాస్టలు వార్డెను, మొదటి ఉద్యోగం చూపించిన అన్న. నెలకొకరికి ఒక పేజీ ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి ఇవ్వండి, వీలైతే వాళ్ల ముందే చదవండి. ఇందాక చెప్పిన సెలిగ్మన్ ప్రయోగంలో వెంటనే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. నెల తర్వాత కూడా ఫలితం కనపడింది, ఆపైన మాత్రం తగ్గిపోయింది. అందుకే నెలకొకటన్నాను. పండక్కి ఊరెళ్లినప్పుడు పెట్టుకుంటే సులువు. కాళ్లకి దణ్ణం పెట్టి, మలైకాజా పొట్లం చేతిలో పెట్టి వచ్చేస్తే సరిపోదా అంటే, సరిపోదు. కాజా ఎవరైనా తెస్తారు, ఆ రోజు ఆయన ఏం చేశారో మీరొక్కరే చెప్పగలరు.

ఎక్కువమంది చేసే తప్పులు

"వాళ్లకంటే మనం నయం" అని రాయడం. కాలు లేనివాణ్ణి చూసి మనకి కాలుందని సంతోషపడటం నాకు మొదటినుంచీ నచ్చదు. అందులో ఎవరి మేలూ లేదు, ఎవరికీ చెప్పుకునేదీ లేదు.

పిలకాయల చేత హోంవర్కులాగా రాయించడం. అన్నం తినేటప్పుడు "ఇయ్యాల స్కూల్లో నీకెవరు సాయం చేశారు?" అని అడగండి, అంతకుమించి వద్దు. వాళ్లు చెప్పకపోతే ముందు మీది చెప్పండి.

రాసింది ఫొటో తీసి స్టేటస్ పెట్టడం. రెండో రోజు నుంచి నలుగురు చదవడానికే రాస్తాం.

రోజూ ఒకే మనిషి పేరు రాయడం. ఇది తప్పని కాదు గానీ, వరసగా వారమంతా అమ్మ పేరే వస్తే మర్నాడు ఇల్లు దాటి బయట చూడండి.

పని చేస్తోందో లేదో ఎట్టా తెలుస్తుంది

నాలుగో ఆదివారం వెనక్కి తిప్పి చదవండి. వేరే రంగు పెన్నుతో మనుషుల పేర్ల కింద గీత గీయండి. తర్వాత టిక్కులు లెక్కపెట్టండి. గీతలు నిండుగా ఉండి టిక్కులు లేకపోతే సగమే నడుస్తోంది, ఐదో మెట్టుకి వెళ్లండి. గీతలే పది దాటకపోతే రెండో మెట్టులోని పనికిరాని రకమే రాస్తున్నారు.

రెండో పరీక్ష ఇంట్లోవాళ్లది. మీరు ఇట్టా రాస్తున్నారని ఎక్కువగా చెప్పని మనిషిని అడగండి: "ఈ నెల్లో నా విసుగు ఏమన్నా తగ్గిందా?" మన ముఖం మనకి కనపడదు, వాళ్లకి కనపడుతుంది. "ఏం తగ్గలేదు" అంటే పోట్లాడకండి, అదీ జవాబే.

ఏ తేడా లేకపోతే రోజూ రాయడం మానేసి వారానికోసారి, ఆదివారం రాత్రి మాత్రం రాయండి. సోన్యా ల్యూబోమిర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆరు వారాల పాటు చూసినప్పుడు వారానికోసారి రాసినవాళ్లకే మేలు కనపడింది, మూడుసార్లు రాసినవాళ్లకి అంతగా లేదు. రోజూ రాస్తే కొందరికి అది మొక్కుబడి అయిపోతుంది. వారానికోసారి కూడా విసుగొస్తే రాయడమే మానెయ్యండి, చెప్పడం మాత్రం మానకండి.

ఒకటి మాత్రం పుస్తకంతో సరిచేసుకునేది కాదు. రెండు వారాలకి మించి దేని మీదా మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం. అట్టా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416 నంబరుకి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అట్టాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే చేతికి డైరీ ఇచ్చి "మంచి ఆలోచించు" అనకండి, వెంట వెళ్లండి.

పుస్తకం నిండాక ఏం చెయ్యాలంటారా, దాచుకోవడం మీ ఇష్టం. ఇంట్లోవాళ్లు చదువుతారని భయమైతే చించెయ్యండి, నష్టమేం లేదు. కొత్తది మొదలుపెట్టేముందు మాత్రం పాత పుస్తకంలో టిక్కు పడని పేర్లన్నీ దాని మొదటి పేజీలోకి ఎక్కించుకోండి.